బావి దగ్గరికి వెళ్ళిన పాదిరి గారు

ధ్యాన భాగము: 2 రాజులు 2:19–22



యెరికో పట్టణస్థులు ఎలీషా ప్రవక్త దగ్గరికి వచ్చి తమ కష్టం చెప్పుకున్న సంగతి మీకందరికీ తెలుసు. ఊరు చూడ్డానికి బాగానే ఉంది, నీళ్ళే మంచివి కావు, భూమి కూడా ఫలించడం లేదు అన్నారు. అప్పుడు ఎలీషా ఏం చేశాడో ఒక్కసారి నెమ్మదిగా చదవండి. మీలో ఎవరు పాపం చేశారని ఆయన ఆ జనాన్ని వరుసలో నిలబెట్టలేదు. కొత్త పాత్రలో ఉప్పు తెప్పించుకుని నీటి ఊట దగ్గరికే నడిచి వెళ్ళాడు. కీడు ఎక్కడ పుడుతోందో అక్కడికి వెళ్ళాడు. దేవుడు ఆ నీటిని బాగుచేశాడు.

ఈ వారం మీకు ఒక చరిత్ర చెప్పాలనుకుంటున్నాను. ఇది 1854లో లండన్ నగరంలో జరిగింది. ఇందులో ఇద్దరు మనుషులున్నారు. ఒకరు వైద్యుడు, రెండోవారు చిన్న చర్చిలో పనిచేసే సహాయ పాదిరి. వైద్యుని పేరు డాక్టరు చదువులు చదివేవారందరికీ తెలుసు. పాదిరి గారి పేరు చాలామందికి తెలియదు. కానీ ఆయన తలుపు తట్టకపోతే ఆ కథ సగంలోనే ఆగిపోయేది.

గత్తర అనే మాట

మన తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ ఎవరిమీదైనా కోపం వస్తే "నీకు గత్తర రాను" అని తిడతారు. తిట్టేవాళ్ళలో చాలామంది గత్తరను కళ్ళారా చూసి ఉండరు. కానీ తాతముత్తాతల భయం ఆ మాటలో మిగిలిపోయింది. గత్తర అంటే కలరా. వాంతిభేది అని కూడా అన్నారు. పొద్దున పొలానికి వెళ్ళినవాడు సాయంత్రానికి శవమయ్యే రోగం అది. బియ్యం కడుగు నీళ్ళలాగా విరేచనాలు అవుతాయి, వాంతులవుతాయి, ఒంట్లో నీరంతా పోతుంది, కళ్ళు లోపలికి పీక్కుపోతాయి, చర్మం నీలంగా మారుతుంది. మనిషికి చివరి వరకు తెలివి ఉంటుంది. చూసేవాళ్ళకు అదే మరీ భయంకరం.

ఈ రోగం గంగానది డెల్టా ప్రాంతంలో ఎంతో కాలంగా ఉంది. 1817లో బెంగాలులోని జెస్సోర్ ప్రాంతంలో పెద్దఎత్తున లేచి, దేశమంతా పాకి, సైన్యాలతో, ఓడలతో, యాత్రికులతో దేశాలు దాటింది. 1831లో ఇంగ్లాండుకు చేరింది. 1849లో ఒక్క లండన్‌లోనే దాదాపు 14,000 మంది చనిపోయారు.

ఇది ఎలా వస్తుంది అన్న ప్రశ్నకు ఆ రోజుల్లో పెద్దలందరూ ఒకటే జవాబు చెప్పేవారు: చెడు గాలి. కుళ్ళిన చోటునుండి లేచే దుర్వాసనే రోగమని వైద్యులు, అధికారులు, పత్రికలవాళ్ళు గట్టిగా నమ్మారు. ఆ జవాబు వెనకే ఇంకో జవాబు నడిచి వచ్చేది. బీదవాళ్ళు మురికిగా ఉంటారు, తాగుతారు, నీతి లేకుండా బ్రతుకుతారు, అందుకే దేవుడు వాళ్ళను కొడుతున్నాడు అని. మొదటి జవాబు ముక్కును నమ్మింది. రెండో జవాబు గర్వాన్ని నమ్మింది. నీళ్ళవైపు మాత్రం ఎవరూ చూడలేదు.

1853లో ఎడిన్‌బరో ప్రెస్బిటరీ పెద్దలు ఇంగ్లాండు హోం మంత్రి పామర్‌స్టన్‌కు ఉత్తరం రాసి, కలరా పోవడానికి దేశమంతా ఒక ఉపవాస దినం ప్రకటిస్తారా అని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. ముందు బీదలు నివసించే వాడల్ని శుభ్రం చేయించండి, అది చేయకుండా ప్రార్థనలు మాత్రం చేస్తే ఫలం ఉండదు అన్న భావంతో జవాబిచ్చాడు. అప్పుడు కొందరు విశ్వాసులు నొచ్చుకున్నారు. నేను ఉపవాస ప్రార్థనను తక్కువ చేసేవాణ్ణి కాను, మీకు తెలుసు. కానీ ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం 12 నుండి 14 వచనాలు తెరచి చూడండి. బహిర్భూమికి పాళెము వెలుపల చోటు ఉండాలి, గుంట తవ్వడానికి పనిముట్టు ఉండాలి, మలాన్ని మట్టితో కప్పాలి అని దేవుడే తన ప్రజలకు ఆజ్ఞ ఇచ్చాడు. తాను వారి మధ్య నడుస్తాడు గనుక పాళెము పరిశుద్ధంగా ఉండాలన్నాడు. పారిశుద్ధ్యం గురించి మాట్లాడితే అది లోకసంబంధమైన విషయమని అనేవారు ఈ వచనాలను ఏం చేస్తారు?

బ్రాడ్ స్ట్రీట్

లండన్‌లో సోహో అనే పేట ఉంది. ఇప్పుడది ఖరీదైన చోటు. అప్పుడు కూలీలు, దర్జీలు, చిన్న చిన్న పనివాళ్ళు ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబంగా ఇరుక్కుని ఉండేవారు. ఇళ్ళ కింద మురుగు గుంటలు ఉండేవి. మన భాషలో చెప్పాలంటే సిమెంటు చేయని, ఎప్పుడూ సరిగా తోడించని సెప్టిక్ ట్యాంకులు. ఆ పేటలో బ్రాడ్ స్ట్రీట్ అనే వీధిలో ఒక బావి, దానిమీద చేతిపంపు ఉండేది. మనం బోరింగు అంటామే, అలాంటిది. ఆ నీళ్ళకు మంచి పేరుంది. చల్లగా, తేటగా ఉంటాయని పక్క వీధుల్లో వేరే పంపులున్నా దాటుకుని ఇక్కడికి వచ్చి పట్టుకునేవారు. హోటళ్ళవాళ్ళు, సారా దుకాణాలవాళ్ళు కూడా అవే వాడేవారు.

1854 ఆగస్టు 31, గురువారం రాత్రి. ఆ పేటలో ఒకేసారి ఎన్నో ఇళ్ళలో కలరా లేచింది. మొదటి మూడు రోజుల్లో ఆ వీధిలో, చుట్టుపక్కల 127 మంది చనిపోయారు. పది రోజుల్లో చావులు 500 దాటాయి. ఇదంతా సుమారు 250 గజాల లోపల జరిగింది. మన ఊళ్ళో చర్చి దగ్గరనుండి చెరువు గట్టు వరకు ఉన్నంత దూరం కూడా కాదు. చివరికి లెక్క తేలేసరికి మృతులు 616 మంది. పారిపోగలిగినవాళ్ళు ఇళ్ళకు తాళాలు వేసి వెళ్ళిపోయారు. వారం తిరగకముందే వీధులు ఖాళీ అయ్యాయి.

పారిపోనివారిలో ఒకరు రెవరెండ్ హెన్రీ వైట్‌హెడ్ గారు. ఆయనకు అప్పుడు 28 సంవత్సరాలు. బెర్విక్ స్ట్రీట్‌లోని సెయింట్ లూక్స్ చర్చిలో సహాయ పాదిరి. చదువు ముగించి, 1851లో అభిషేకం పొంది, ఈ బీదల పేటకే వచ్చాడు. మూడేళ్ళుగా ఇంటింటికీ తిరిగిన మనిషి కాబట్టి ఎవరి గది ఏ అంతస్తులో ఉందో, ఎవరికి ఎంతమంది పిల్లలో ఆయనకు తెలుసు. ఆ పది రోజులూ ఆయన రోగుల పడకల దగ్గరే గడిపాడు. ప్రార్థన చేశాడు, నీళ్ళు తాగించాడు, కళ్ళు మూశాడు. ఒక్కొక్క ఇంట్లో ఇద్దరు, ముగ్గురు, నలుగురు పోయారు.

అలా తిరుగుతూ ఆయన ఒక సంగతి గమనించాడు. పెద్దలు చెప్పే మాటకు, తన కళ్ళు చూసేదానికి పొంతన లేదు. శుభ్రంగా ఉంచుకునే ఇళ్ళలో చావులు జరిగాయి. మురికిగా ఉన్న కొన్ని ఇళ్ళు తప్పించుకున్నాయి. కింది అంతస్తు, పై అంతస్తు అన్న తేడా లేదు. తాగుబోతులు బ్రతికారు, భక్తిపరులు పోయారు. మరి ఇది బీదవాళ్ళ నీతికి వచ్చిన శిక్ష ఎలా అవుతుంది? వెంటనే ఆ సంవత్సరమే తాను చూసినదాన్ని చిన్న పుస్తకంగా రాసి అచ్చువేయించాడు. రోగం ఎలా వచ్చిందో ఆయనకు ఇంకా తెలియదు. కానీ తన సంఘస్థులమీద పడుతున్న నింద అబద్ధమని మాత్రం తెలుసు.

డాక్టర్ జాన్ స్నో

ఆ రోజుల్లోనే ఆ పేటకు దగ్గరలో డాక్టర్ జాన్ స్నో గారు ఉండేవారు. కూలివాని కొడుకు. యార్క్ పట్టణంలో 1813లో పుట్టాడు. 14 ఏళ్ళకే ఒక వైద్యుని దగ్గర పనికి కుదిరాడు. 1831లో కలరా వచ్చినప్పుడు బొగ్గు గని కార్మికులకు సేవ చేయడానికి ఆ కుర్రవాణ్ణి పంపారు. గనిలో మరుగుదొడ్డి లేదు, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేవు, ఆ చేతులతోనే అన్నం తినాలి. ఆ దృశ్యం ఆయన మనసులో నిలిచిపోయింది. తరువాత ఆయన మత్తుమందు ఇవ్వడంలో పేరు పొంది, 1853లో విక్టోరియా మహారాణి ప్రసవ సమయంలో ఆమెకు క్లోరోఫాం ఇచ్చేంతవాడయ్యాడు.

ఆయన ఆలోచన సూటిగా ఉంటుంది. గాలివల్ల వచ్చే రోగమైతే ముందు ఊపిరితిత్తులు పాడవ్వాలి కదా? కలరాలో మొదట దెబ్బతినేది పేగులు. అంటే అది నోటిగుండా లోపలికి పోతోంది. రోగి విరేచనంలో ఉన్నది ఏదో నీళ్ళలో కలిసి ఇంకొకరి నోటికి చేరుతోంది. 1849లోనే ఈ మాట రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

బ్రాడ్ స్ట్రీట్ సంగతి వినగానే ఆయన మరణాల జాబితా తీసుకుని వీధుల్లోకి వెళ్ళాడు. చనిపోయినవారిలో ఎక్కువమంది ఆ పంపుకు దగ్గరవాళ్ళే. వేరే పంపుకు దగ్గరగా ఉండి చనిపోయినవారి ఇళ్ళకు వెళ్ళి అడిగితే, వాళ్ళలోనూ చాలామంది ఈ నీళ్ళే తెచ్చుకునేవారని తెలిసింది. ఒక చిన్న కాఫీ హోటలు ఆవిడ, తన దగ్గర భోజనానికి వచ్చేవాళ్ళలో అప్పటికే తొమ్మిదిమంది పోయారని చెప్పింది. ఆమె భోజనంతోపాటు ఆ పంపు నీళ్ళే ఇచ్చేది.

ఇంకా మూడు సంగతులు చూడండి. అక్కడికి దగ్గరలోనే బీదల ఆశ్రమం ఒకటి ఉంది. 535 మంది ఉండేవారు. చుట్టూ చావులే, లోపల మాత్రం ఐదుగురే పోయారు. ఎందుకంటే ఆశ్రమానికి సొంత బావి ఉంది. అదే వీధిలో ఒక బీరు ఫ్యాక్టరీ ఉంది. 70 మందికి పైగా పనివాళ్ళు. ఒక్కరూ కలరాతో చనిపోలేదు. వాళ్ళు ఫ్యాక్టరీవాళ్ళిచ్చే బీరే తాగేవారు, అక్కడ సొంత బావి కూడా ఉంది. (బీరు మంచిదని పాస్టరు గారే చెప్పారు అని ఎవరూ ప్రచారం చేయకండి! నీళ్ళు మరిగించి చేస్తారు గనుక బ్రతికారు. మరిగించిన నీళ్ళు చాలు.) మూడోది, ఆ వీధిలో ఉండి దూరంగా హాంప్‌స్టెడ్ అనే చోటికి మారిపోయిన ఒక విధవరాలు. పాత పంపు నీళ్ళ రుచి మరచిపోలేక రోజూ బండిమీద ఒక సీసా తెప్పించుకునేది. ఆ సీసా నీళ్ళు తాగి సెప్టెంబరు 2న ఆమె చనిపోయింది. ఆమెను చూడడానికి వచ్చి ఆ నీళ్ళే తాగిన మేనకోడలు తన ఊరికి వెళ్ళి చనిపోయింది. ఆ రెండు ఊళ్ళలోనూ అప్పుడు కలరా లేదు. బ్రాడ్ స్ట్రీట్ గాలి సీసాలో ప్రయాణం చేయలేదు కదా, నీళ్ళే ప్రయాణం చేశాయి.

సెప్టెంబరు 7, గురువారం సాయంత్రం స్నో గారు ఆ పేట పెద్దల ముందు నిలబడి ఇదంతా చెప్పాడు. వాళ్ళు పూర్తిగా నమ్మలేదు గానీ, మరుసటి రోజు పంపు పిడి ఊడదీయించారు.

అప్పటికే జనం పారిపోవడంవల్ల రోగం తగ్గుముఖం పట్టింది. పిడి తీసినందువల్లే ఆగిందని తాను గట్టిగా చెప్పలేనని స్నో గారే నిజాయితీగా రాశాడు. మరి ఆ పిడి తీయడంవల్ల మేలు జరిగిందా లేదా? దానికి జవాబు దొరికింది. అది పాదిరి గారి చేతిలో దొరికింది.

కాదని నిరూపించబోయి

వైట్‌హెడ్ గారు మొదట స్నో గారి మాట నమ్మలేదు. ఆ పంపు నీళ్ళు బాగా తాగి కూడా కోలుకున్న రోగులను ఆయన స్వయంగా చూశాడు. ఆ నీళ్ళకు ఊరంతా మంచి పేరు. కాబట్టి ఈ డాక్టరు చెప్పేది తప్పని, లోతుగా విచారిస్తే తప్పని తేలిపోతుందని అనుకున్నాడు. 1854 నవంబరులో పేట పెద్దలు విచారణ కమిటీ వేసినప్పుడు అందులో చేరి, బ్రాడ్ స్ట్రీట్ ఇళ్ళన్నీ తన భాగంగా తీసుకున్నాడు.

ప్రియులారా, ఇక్కడే మనం ఆగి నేర్చుకోవాలి. సంగతి వినకముందే జవాబు చెప్పడం మూర్ఖత్వమని సామెతలు 18:13 మనకు నేర్పుతుంది. నమ్మనప్పుడు మనం మామూలుగా ఏం చేస్తాం? నాలుగు మాటలు ఎగతాళి చేసి వదిలేస్తాం. ఈయన అలా చేయలేదు. నమ్మలేదు గనుక తలుపులు తట్టడం మొదలుపెట్టాడు. కొన్ని ఇళ్ళకు నాలుగైదు సార్లు వెళ్ళాడు. డాక్టరు గారు చనిపోయినవారి జాబితా పట్టుకుని తిరిగాడు. పాదిరి గారు బ్రతికినవారిని కూడా అడిగాడు. జబ్బు చేయనివారిని కూడా అడిగాడు. ఆ వారం మీరు ఏ నీళ్ళు తాగారు? ఎవరు తెచ్చారు? ఎప్పుడు తెచ్చారు? దుఃఖంలో ఉన్నవాళ్ళు కొత్త మనిషికి ఇవన్నీ చెప్పరు. తమ బిడ్డ కళ్ళు మూసిన పాదిరి గారికి చెప్పారు.

ఆ వీధిలో 896 మంది ఉండగా 90 మంది చనిపోయారు. వివరాలు దొరికినవారిలో పంపు నీళ్ళు తాగిన 137 మందిలో 80 మందికి జబ్బు చేసింది. తాగని 297 మందిలో 20 మందికే జబ్బు చేసింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఎవరూ లేని ముసలివాళ్ళు, ఒంటరి విధవరాండ్రు కొందరు బ్రతికి బయటపడ్డారు. ఎందుకో తెలుసా? పంపు దగ్గరికి వెళ్ళి వాళ్ళకు నీళ్ళు తెచ్చిపెట్టేవారు లేరు. పిల్లలున్న ఇళ్ళలో పిల్లలు ప్రేమతో కుండలు నింపి తెచ్చారు. ఆ ప్రేమతోనే మరణం ఇంట్లోకి వచ్చింది. దీన్ని పాపానికి శిక్ష అని ఎవరైనా ఎలా అనగలరు?

లెక్కలు చూశాక పాదిరి గారు తాను కాదనుకున్నదానికే సాక్షి అయ్యాడు. స్నో గారి మాట నిజమని తన పేరుతో రాశాడు.

నలభై నంబరు ఇల్లు

ఒక ప్రశ్న మిగిలింది. మంచి బావిలోకి ఆ విషం మొదట ఎలా వచ్చింది? 1855 వసంతకాలంలో వైట్‌హెడ్ గారు మరణాల రిజిస్టరులో వేరే వివరం కోసం వెదుకుతుంటే ఒక వరుస కనబడింది. బ్రాడ్ స్ట్రీట్ 40వ నంబరు ఇంట్లో సెప్టెంబరు 2న ఐదు నెలల పాప, విరేచనాలు పట్టిన నాలుగు రోజులకు నీరసించి చనిపోయింది. అంటే పాపకు జబ్బు చేసింది ఊరంతా రోగం లేవకముందే! ఆ ఇల్లు సరిగ్గా పంపుకు ఎదురుగా ఉంది.

ఆయన ఆ తల్లి దగ్గరికి వెళ్ళాడు. ఆమె భర్త థామస్ లూయిస్ పోలీసు. పాప పేరు ఫ్రాన్సిస్. పాప పొత్తిగుడ్డలు బకెట్లో నానబెట్టి ఉతికి ఆ నీళ్ళు ఏం చేశావమ్మా అని అడిగాడు. కొన్ని ఇంటి ముందున్న మురుగు గుంటలో పోశానని చెప్పింది. కమిటీవాళ్ళు తవ్వించి చూశారు. గుంటకు, బావికి మధ్య మూడడుగుల దూరం కూడా లేదు. గుంట గోడ ఇటుకలు కుళ్ళి వదులైపోయాయి. మధ్యలో మట్టి మురుగుతో నల్లగా నానిపోయి ఉంది. గుంట నీరు మట్టిగుండా బావిలోకి ఊరుతోంది.

ఆ తల్లి చేసిన పని ప్రతి తల్లీ చేసేదే. బిడ్డ మలాన్ని అసహ్యించుకోకుండా కడిగి, ఆ నీళ్ళు పోయాల్సిన చోటే పోసింది. తప్పు ఆమెది కాదు. బావి పక్కన గుంట తవ్వినవాళ్ళది, పాడైన ఇటుకల్ని చూడనివాళ్ళది. పాప పోయిన ఆరు రోజులకు, సెప్టెంబరు 8న, భర్తకు కూడా కలరా తగిలింది. పదకొండు రోజులు బాధపడి 19న చనిపోయాడు. ఆ రోజుల్లో కూడా ఆమె ఆ బకెట్లు అదే గుంటలో పోసింది.

ఇప్పుడు తేదీ చూడండి. సెప్టెంబరు 8. పంపు పిడి తీసిన రోజు అదే! పిడి ఉండి ఉంటే బావిలోకి రెండోసారి చేరిన విషం మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి ఉండేది. ఇళ్ళకు తిరిగి వస్తున్న జనం వాటినే తాగేవారు. మేలు జరిగిందా లేదా అన్న ప్రశ్నకు ఇదే జవాబు. ఆ జవాబు ఒక విధవరాలి ఇంటి గడపలో దొరికింది.

స్నో గారు 1858లో 45 ఏళ్ళకే చనిపోయాడు. ఆయన మాటను లోకం అప్పటికి ఒప్పుకోలేదు. 1866లో తూర్పు లండన్‌లో కలరా వచ్చినప్పుడు వైట్‌హెడ్ గారు మళ్ళీ విచారణలో సహాయం చేశాడు. ఒక కంపెనీ సరఫరా చేసిన వడపోయని నీళ్ళే కారణమని ఆసారి తేలింది, పెద్దలు ఒప్పుకున్నారు. ఆయన చివరి వరకు తన చదువు గదిలో స్నో గారి చిత్రపటం ఉంచుకున్నాడు. పల్లె ప్రాంతంలో సంఘాలను కాస్తూ 1896లో ప్రభువు సన్నిధికి చేరాడు. ఈలోగా 1884లో రాబర్ట్ కోఖ్ అనే జర్మనీ వైద్యుడు మన కలకత్తాలో కలరా క్రిమిని వేరుచేసి చూపించాడు. అక్కడి చెరువు నీళ్ళలో కూడా దాన్ని చూశాడు.

మన నేలమీద

లండన్ కథ మనకెందుకు అని అనకండి. 1876–78 ధాత కరువులో మద్రాసు రాజధానిలో ఆకలితో పాటు కలరా లక్షలమందిని తీసుకుపోయింది. ఒంగోలులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి కూలి ఇచ్చిన రోజులవే. మన సంఘాల్లో ఎన్నో కుటుంబాల విశ్వాస చరిత్ర ఆ రోజుల్లోనే మొదలైంది. మన ముత్తాతలు గత్తర దాటి వచ్చినవాళ్ళు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వేళ సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా లేచింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువులచేతనే తాగించాడు. నూటికి ముప్ఫైమంది చనిపోతున్న చోట అది నూటికి 3.6కు పడిపోయింది. అదే ఈరోజు అంగన్‌వాడీలో దొరికే ఓఆర్ఎస్ పొట్లం. ఉప్పు వేసిన నీళ్ళు! చదివినప్పుడల్లా నాకు యెరికో గుర్తుకు వస్తుంది.

కొన్నేళ్ళ క్రితం వానాకాలంలో మా పరిచర్య ప్రాంతంలోని ఒక పేటలో వరుసగా వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొదట జబ్బు చేసిన ఇల్లు ఒక పేద విధవరాలిది. రెండు రోజుల్లో పేటంతా ఆమె ఇంటివైపు చూడడం మానేసింది. ఏదో చేసింది గనుకే అన్నారు. కొందరు విశ్వాసులే అన్నారు. ఆశా వర్కరమ్మతో కలిసి నేను ఇల్లిల్లూ తిరిగితే తేలింది ఏమిటంటే, జబ్బు చేసిన ఇళ్ళన్నీ ఒకే పైపు లైనువి. ఆ పైపు మురుగు కాలువలోనుండి పోతోంది, జాయింటు దగ్గర వదులైంది. కొళాయి ఆగినప్పుడు కాలువ నీరు పైపులోకి లాగుకుంటోంది. పైపు మార్చారు, జబ్బు ఆగింది. కానీ ఆమెను అన్న మాటలు వెనక్కి తీసుకోవడానికి ఎంతమంది ఆమె ఇంటికి వెళ్ళారు? ఈ ప్రశ్న మాత్రం పైపుతో పోలేదు.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది అదే. పాపం ఎవరిది, వీడిదా, కన్నవాళ్ళదా? ప్రభువు ఆ రెండూ కాదన్నాడు (యోహాను 9). సిలోయము గోపురం పడి చచ్చిన పద్దెనిమిదిమంది మిగతావారికంటె ఎక్కువ పాపులు కారని చెప్పి, వినేవాళ్ళనే మారుమనస్సు పొందమన్నాడు (లూకా 13). పాపం లేదని నేననడం లేదు. పాపం ఉంది. చాలాసార్లు అది రోగి మంచం దగ్గర ఉండదు. గుంటకు, బావికి మధ్య దూరం వదలనివాని దగ్గర, పైపు పగిలిందని తెలిసీ ఊరుకున్నవాని దగ్గర, పక్కింటి బాధను చూసి తీర్పు చెప్పిన నాలుకమీద ఉంటుంది.

మనం చేయవలసినవి

ఈ వానాకాలానికి ముందు మన సంఘం ఈ కొన్ని పనులు చేయాలని కోరుతున్నాను.

మీ ఇంటి మరుగుదొడ్డి గుంటకు, తాగే నీటి బావికి లేక బోరుకు మధ్య కనీసం 50 అడుగులు ఉందో లేదో కొలిచి చూడండి. కొళాయి పైపు కాలువలోనుండి పోతుంటే పంచాయతీకి రాతపూర్వకంగా చెప్పండి. ఒక్కరు చెబితే వినరు, పదిమంది వెళ్ళండి, నేనూ వస్తాను.

నీళ్ళు తేటగా ఉన్నాయని, రుచిగా ఉన్నాయని నమ్మకండి. బ్రాడ్ స్ట్రీట్ నీళ్ళు కూడా రుచిగానే ఉన్నాయి. అనుమానం ఉంటే తెర్లించి తాగండి. బిందెలో చెయ్యి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీసుకోండి. ప్రేమవిందుల్లో, పెళ్ళిళ్ళలో, దినాల భోజనాల్లో వడ్డించేవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పసిపిల్లల మలం ఏమీ చేయదనుకోకండి, దాన్ని కూడా మరుగుదొడ్డిలోనే వేయండి.

విరేచనాలు మొదలైతే పొట్లం కోసం ఆగకండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ చిన్న టీ చెంచాతో తలకొట్టి, కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. తల్లిపాలు ఆపకండి. బిడ్డ నీరసించి పోతుంటే, కళ్ళు గుంటలు పడితే, మూత్రం ఆగితే ప్రార్థన చేసుకుంటూనే ఆసుపత్రికి బయలుదేరండి. ప్రార్థన అయ్యాక వెళ్దాం అనకండి. దారిలో చేసే ప్రార్థన కూడా దేవుడు వింటాడు.

చివరిగా, ఎవరి ఇంట్లో జబ్బు మొదలైతే ఆ ఇంటికి సంఘం ముందు వెళ్ళాలి. అడగడానికి, మోయడానికి, నీళ్ళు కాచి ఇవ్వడానికి వెళ్ళాలి. తీర్పు చెప్పడానికి కాదు.

ప్రార్థన: కరుణగల తండ్రీ, యెరికో నీళ్ళను బాగుచేసిన దేవా, మా బావులను, మా బోర్లను, మా కొళాయిలను మీ చేతికి అప్పగిస్తున్నాము. తెలియక మోస్తున్న కీడును మాకు చూపించండి. తెలిసిన కీడును సరిచేసే ఓపిక, ధైర్యం ఇవ్వండి. రోగుల ఇంటి తలుపు తట్టే చేతులు మాకివ్వండి, నింద వేసే నాలుకను మానుంచి తీసివేయండి. ఈ వానాకాలంలో మా పేటల్లోని పసిబిడ్డలను కాపాడండి. యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మును, మీ ఇంటివారిని దీవించును గాక.